ఎవరికి పచ్చ?

ఉద్యోగం నన్ను వదిలి చాలా ఏళ్లయింది గానీ ఒక అలవాటు మాత్రం వదల్లేదు. ఏ ఊళ్లో బస్సు దిగినా కూడలి దగ్గర ఒక పక్కగా నిలబడి జనం రోడ్డు దాటడం చూస్తాను. చూసేకొద్దీ అదొక వింత. కొందరు ఎదురుగా ఉన్నది వాగో వంకో అయినట్టు పంచె ఎగ్గట్టి మరీ దిగుతారు. కొందరు సగం దూరం పోయి, పొయ్యి మీద పాలు మరిచినవాళ్లలా గిర్రున వెనక్కి తిరుగుతారు. మా వైపు ఆడవాళ్లు బండిని చూడరు, బండి తోలేవాడి మొహం చూస్తారు. ఆ మొహంలో వాళ్లకు ఏం కనిపిస్తుందో గానీ, అడుగు వెయ్యాలా వద్దా అన్నది అక్కడే తేలిపోతుంది. నేనిలా నిలబడిపోతే మా ఆవిడ చెయ్యి పట్టి లాగుతుంది.

"రోడ్డుకు దిష్టి తగులుతాది, రాండి ఇంగ."

సిగ్నల్ దీపాల పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఒకరిద్దరు, నేనూ ఒకప్పుడు ఆ పని చేశానని విని, "టైము ఎట్లా పెట్టేవాళ్లు సార్?" అని అడిగారు. ఇప్పుడు వాళ్ల దగ్గరున్న సామాను నాకు అర్థం కాదు. నేను టైము పెట్టింది ఒకే ఒక్క కూడలికి. అక్కడ టైము కన్నా ముందు తప్పింది ఒక మాట. ఆ మాట నాది. దాని గురించి చెబుతాను. దాని వెనకాలే నేను చెప్పకుండా మింగిన మాట ఇంకొకటి ఉంది. దాన్నీ చెబితేనే ఇది పూర్తవుతుంది.

డెబ్బయిల్లో నేను ధర్మవరంలో వీధి దీపాలు చూసే వైర్‌మన్‌ని. నిచ్చెన భుజాన వేసుకుని సైకిలు తొక్కేవాణ్ణి. మేం అద్దెకున్న ఇంటికీ ఆఫీసుకూ మధ్య రైల్వే గేటు. జంక్షన్ కదా, ఎప్పుడూ ఏదో ఒక రైలు వస్తూనో పోతూనో ఉండేది. ఏ రైలూ లేనప్పుడు ఇంజను ఒక్కటే, ఇంట్లో తోచని మనిషిలా, అటూ ఇటూ తిరిగేది. గేటు పడితే ఎద్దుల బండ్లు, పట్టుచీరల మూటలు కట్టిన సైకిళ్లు, బస్సు, నేను, నా నిచ్చెన, అందరం ఒక్కచోటే. నా వయసులో కొంత భాగం ఆ గేటు ముందే కరిగిపోయింది. అక్కడ నిలబడి రైల్వేవాళ్లను తిట్టుకోవడం తప్ప నేను నేర్చుకున్నది ఏమీ లేదనుకునేవాణ్ణి. నేర్చుకోవలసింది ఉండిందని చాలా ఆలస్యంగా తెలిసింది.

ఎనభైల్లో ఓవర్సీరునై హిందూపురం వచ్చాను. మా ఆవిడ పెనుకొండ బడిలో పంతులమ్మ కాబట్టి కాపురం అక్కడే పెట్టి, రోజూ పొద్దున్నే బస్సులో వచ్చేవాణ్ణి. ఆ బస్సు నన్ను దించే చోటే మా కూడలి. పెనుకొండ రోడ్డును మార్కెట్టుకు పోయే రోడ్డు అడ్డంగా కోసే చోటు. బెల్లం బండ్లు, చింతపండు బస్తాల లారీలు, జట్కాలు, బస్సులు, పట్టుగూళ్ల గంపలు నెత్తిన పెట్టుకుని సంతకు పోయే మనుషులు, అన్నీ అక్కడ కలిసేవి. మధ్యలో సిమెంటు దిమ్మె, దిమ్మె మీద రేకు గొడుగు, గొడుగు కింద ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్.

ఆయన్ని ఊరంతా సాయిబన్న అనేది. నాకంటే పెద్దవాడు. నేను భాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను అప్పా అనేవాడు. ఆయన పనిలో సగం చేతులది, సగం విజిల్‌ది. ఈ రెండూ చాలకపోతే నోరు ఉండనే ఉంది. ఒకసారి జట్కా ఒకటి అడ్డంగా దూరింది. ఆయన తోలేవాణ్ణి వదిలేసి గుర్రాన్ని పట్టుకున్నాడు.

"ఏమమ్మా గుర్రమా, తోలేవానికి కండ్లు లేవు సరే. నీకేమాయె?"

జట్కావాడు సిగ్గుపడి దిగొచ్చి గుర్రాన్ని వెనక్కి నడిపించుకున్నాడు. ఇంకోసారి ఒక ముసలావిడ రోడ్డు మధ్యలో నిలబడి లారీ వైపు చూస్తూ ఉండిపోతే, "బిరీన రావ్వా! లారీ ఏమన్నా నీ అల్లుడా, నిలబడి మర్యాద చేసేకి?" అన్నాడు. ఆమె నవ్వుకుంటూనే దాటింది. దాటాక మాత్రం ఆయన్ని తిట్టింది.

అలాంటి కూడలికి సిగ్నల్ దీపాలు వచ్చాయి. బెంగుళూరు నుంచి వచ్చిన ఫిట్టరు నాలుగు మూలలా స్తంభాలు పాతించి, ఒక ఇనుప పెట్టె బిగించి, దాని తాళం నా చేతికిచ్చాడు. ఆ పెట్టె తలుపు తీసి చూసిన మొదటి రోజు నాకు అన్నం మీద ధ్యాస లేదు. లోపల ఒక చిన్న మోటారు. అది మెల్లగా తిప్పే ఇరుసు. ఇరుసు మీద వరసగా రేకు బిళ్లలు. ఒక్కో బిళ్ల అంచుకు ఒక గాడి. గాడి నడిచినంతసేపు ఒక దీపం వెలుగుతుంది, గాడి దాటగానే ఆరిపోయి ఇంకొకటి వెలుగుతుంది. అంటే గాడి పొడుగే టైము. ఊరి రాకపోకలన్నీ నా అరచేతిలో పట్టే బిళ్లల మీద తిరుగుతున్నాయనిపించి, ఇంత వయసొచ్చి తిరునాళ్లలో బొమ్మ దొరికినట్టు మురిసిపోయాను.

గాడి ఎంత ఉండాలో తేల్చడానికి ఎదురుగా ఉన్న టీ హోటలు అరుగు మీద కూర్చుని రోజుల తరబడి రోడ్డు చూశాను. ఏ వైపు నుంచి లారీలు ఎక్కువ, బస్సులు ఏ పూట వస్తాయి, జట్కాకు దాటడానికి ఎంతసేపు, అన్నీ చూశాను. నడిచేవాళ్లను చూడలేదు. చూడలేదంటే, వాళ్లు నా కళ్ల ముందే వందలకొద్దీ పోయారు, నా లెక్కలోకి రాలేదు. ట్రాఫిక్ అంటే నాకు చక్రాలున్నది. చివరికి, ఒక రోడ్డుకు పచ్చ పోయి, మధ్యలో కాసేపు పసుపు వచ్చి, ఎరుపు పడీ పడగానే రెండో రోడ్డుకు పచ్చ వచ్చేటట్టు బిళ్లలు బిగించాను. ఒక్క క్షణం కూడా వృథా పోలేదని గర్వపడ్డాను. ఆ వృథా పోని క్షణాల్లోనే మనిషి దాటాలన్న సంగతి నాకు తోచలేదు.

దీపాలు వెలిగించే ముందు ఊళ్లో జట్కాకు మైకు కట్టి చాటించాలన్నారు. చాటే మాటలు రాసే పని నాకే వచ్చింది. "ఎర్ర దీపం వస్తే నిలబడండి, పచ్చ దీపం వస్తే పోండి" అని రాశాను. ఇది మోటారు బండ్లకే, మాకు కాదులే అని సైకిళ్లవాళ్లు, జట్కాలవాళ్లు తప్పించుకుంటారేమోనని అనుమానం వచ్చింది. అందుకని చివర ఇంకో ముక్క చేర్చాను. "ఇది అందరికీ వర్తిస్తుంది." నేను చెబుతానన్న మాట ఇదే. అందరికీ.

దీపాలు వెలిగిన రోజు కూడలి చుట్టూ తిరునాళ్ల జనం. పసుపు దీపం వచ్చి పోవడం చూసి ఒక రైతు పక్కవాణ్ణి పొడిచాడు.

"చూడబ్బా, నడిమిది కన్ను కొడతాండాది. ఎవరికబ్బా?"

"నీకైతే కాదు, మొహం చూసుకో" అన్నాడు పక్కవాడు.

నేనూ నవ్వాను. ఆ ప్రశ్న ఎంత మంచిదో అప్పుడు తెలియలేదు.

సాయిబన్న మాత్రం గొడుగు కింద నుంచి దిగి, అలవాటు కొద్దీ విజిల్ ఊదుతూనే ఉన్నాడు. నేను దగ్గరికి పోయి చెప్పాను.

"భాయ్, ఇంక విజిల్ ఊదొద్దు. నువ్వు ఊదితే జనం నిన్ను చూస్తారు, దీపాన్ని చూడరు. ఎన్నాళ్లైనా నేర్చుకోరు."

"ఊదకుంటే నేనెందుకప్పా ఈడ? ఆ కంబాల మాదిరి ఐదో కంబమా?"

"కొన్నాళ్లే. అలవాటయ్యేదాకా."

ఆయన విజిల్ తుడిచి చొక్కా జేబులో వేసుకున్నాడు. దాని తాడు మాత్రం భుజం మీది నుంచి వేలాడుతూనే ఉండేది.

ఆ తర్వాతి రోజుల్లో ఒక విచిత్రం కనబడింది. బండ్లు ఆగినప్పుడు జనం కూడా రోడ్డు పక్కన బుద్ధిగా ఆగుతున్నారు. బండ్లు కదిలినప్పుడే వాళ్లూ కదులుతున్నారు. సాయిబన్నే ముందు చూశాడు.

"ఇదేం విడ్డూరమప్పా? రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు నిలబడుకుంటారు, లారీ కదిలినాక దానికి ఎదురు పోతారు. ఏమైంది వీళ్లకు? నాకొక్కటీ అర్థం కావడంలే. ఊదేదా?"

"వద్దు భాయ్. అలవాటైతాది."

నాకూ అర్థం కాలేదు. అడిగితే తెలిసేది. రోడ్డు పక్కన నిలబడ్డ ఎవర్నైనా, "ఏమ్మా, ఇప్పుడెందుకు ఆగావు?" అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. నాకు బిళ్లల మీద ఉన్న కుతూహలం మనుషుల మీద లేకపోయింది. జనానికి బుద్ధి రావడానికి టైము పడుతుందిలే అనుకుని ఊరుకున్నాను.

గూళ్ల సంత రోజున అది జరిగింది. ఒకామె నెత్తిన పట్టుగూళ్ల గంపతో పెనుకొండ రోడ్డుకు ఒక పక్కన నిలబడి ఉంది. పక్కనే దీపాల స్తంభం. ఎరుపు పడింది, లారీలు ఆగాయి. ఆమె ఆగే ఉంది. పచ్చ వచ్చింది. ఆమె గంప మీద చెయ్యి వేసి, తల తిప్పకుండా, రోడ్డు మీదికి దిగింది. నేను టీ హోటలు అరుగు మీద గ్లాసుతో ఉన్నాను. సాయిబన్న చెయ్యి జేబులోకి పోవడం చూశాను. విజిల్ నోటికి చేరేలోపల ఒక జీపు ఆమెను గుద్దింది.

గూళ్లు రోడ్డంతా దొర్లాయి. తెల్లగా, తేలిగ్గా, చప్పుడు లేకుండా. సాయిబన్న ఆమెను రెండు చేతులతో ఎత్తి జట్కాలో పడుకోబెట్టి ఆసుపత్రికి పంపించాడు. ప్రాణానికి భయం లేదు గానీ కాలు విరిగింది. తర్వాత ఆయన రోడ్డు మీద గొంతుక్కూర్చుని, బండ్లను చేత్తో ఆపుతూ, నలగని గూళ్లను గంపలోకి ఏరాడు. నేను పోయి సాయం పట్టలేదు. ఇనుప పెట్టె తలుపు తీసి, లోపల అన్నీ సరిగ్గా తిరుగుతున్నాయా లేదా అని చూస్తున్నాను. అన్నీ సరిగ్గానే తిరుగుతున్నాయి.

కబురు తెలిసి సాయిబన్న పైఅధికారి, ఇన్‌స్పెక్టరు, వచ్చాడు.

"విజిల్ ఏమైందయ్యా నీది?"

"జేబులో ఉండాది సార్."

"జేబులో ఎందుకుంది?"

సాయిబన్న నా వైపు చూశాడు. నేను పెట్టెలోకి చూశాను. తల లోపలికి పెట్టి, ఒక మరను తిప్పాల్సిన పని లేకపోయినా తిప్పాను. ఇన్‌స్పెక్టరు "డ్యూటీలో నిద్రపోతే సస్పెన్షనే. వారంలో వస్తా, అప్పుడు తేలుస్తా" అని వెళ్లిపోయాడు.

మా ఇంజనీరుగారు ఆ సాయంత్రం నన్ను పిలిచారు. మంచాయనే, కానీ దీపాలు పెట్టించింది తనే కాబట్టి భయపడ్డారు. ఆ గాయపడినామె తనే చూసుకోకుండా వచ్చానని ఒక్క మాట అంటే దీపాలకూ మాట రాదు, కానిస్టేబులూ బతికిపోతాడు, వెళ్లి మాట్లాడి రమ్మన్నారు. సాయిబన్న కోసమే పోతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఎంత గట్టిగా చెప్పుకున్నానంటే, బస్సులో కూర్చునేసరికి నన్ను చూసి నాకే ముచ్చటేసింది.

ఆమె ధర్మవరంలో కూతురింట్లో ఉంది. అల్లుడు పట్టు నేస్తాడు. మగ్గం పక్కనే మంచం వేసి, కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని పడుకుని ఉంది. నేను తీసుకుపోయిన అరటిపళ్లు కూతురు అందుకుంది. ఎవరని అడిగితే, దీపాలు పెట్టినవాణ్ణని చెప్పాను.

"మైకులో చెప్పించింది నువ్వేనా అప్పా?" అంది ఆమె.

"నేనేనమ్మా."

"నువ్వు చెప్పినట్టే చేసినా గదప్పా. ఎర్రది వచ్చినప్పుడు నిలబడుకుంటి. నా ముందర ఇద్దరు మొగోళ్లు ఎర్రది ఉండంగానే పోయిరి. వాళ్లకు మర్యాద తెలీదులే అనుకుంటి. పచ్చది వచ్చినాకనే కాలు పెడితి. నాదేం తప్పుండాది?"

"అమ్మా, అది బండ్లకు..."

"అందరికీ అంటివి గదప్పా మైకులో. నేను అందరిలో లేనా?"

మగ్గం ఆగింది. అల్లుడు నాడె చేతిలో పట్టుకుని నా వైపు చూశాడు. ఆమె గొంతులో కోపం లేదు, అదే కష్టమైంది. నిజంగానే తెలుసుకుందామని అడుగుతోంది. ఆమె చేత ఏ మాట అనిపించాలని పోయానో ఆ మాట నా నోట్లోనే ఉండిపోయింది. ఆమే మళ్లీ అంది.

"గూళ్లు ఆ సాయిబు ఏరి పంపిచ్చినాడంట గదా. ఆయప్పకు చెప్పు, శానా మేలు చేసినాడని."

చెబుతానని లేచాను.

బస్టాండుకు నడుస్తూ ఉంటే దారిలో నా పాత గేటు పడి ఉంది. ఎప్పటిలాగే అందరం ఆగాం. నా పక్కన ఒకతను సైకిలు మీద, వెనక భార్య. ఆమె దిగి గేటు కింద దూరబోయింది. అతను కొంగు పట్టుకుని ఆపాడు.

"యాడికి పోతాండావు? పచ్చ పడింది చూడు. నిలబడుకో."

నేను తలెత్తి చూశాను. పట్టాల పక్కన ఎత్తున, రైలు కోసం, పచ్చ దీపం వెలుగుతోంది. దాన్ని చూసి గేటుకు ఇవతల ఉన్నవాళ్లం అందరం ఆగిపోయి ఉన్నాం. పచ్చ పడింది, నిలబడుకో. ఈ మాటలో ఎవరికీ ఏ తికమకా లేదు. ఆ దీపం రైలుది. రైలుకు పచ్చ అంటే రైలుకు అడ్డంగా పోయేవాడికి ఎరుపు. దీన్ని ఎవరూ మైకులో చెప్పలేదు. నేనూ ఏళ్ల తరబడి ఈ గేటు ముందే నిలబడి, అదే దీపాన్ని చూసి, అలాగే ఆగాను. హిందూపురంలో మాత్రం లారీకి పెట్టిన దీపాన్ని, లారీకి అడ్డంగా పోవలసిన మనిషికి చూపించి, పచ్చ వస్తే పో అన్నాను. నా మాట వినని ఆ ఇద్దరు మగవాళ్లు క్షేమంగా దాటారు. విన్నామె కాలు విరిగింది.

రైలు వచ్చి పోయింది. గేటు లేచింది. నేను అక్కడే ఉండిపోతే వెనకనున్న బండివాడు, "ఏమప్పా, గేటుకు కాపలా ఉండావా?" అని అదిలించాడు.

వారం తిరగ్గానే ఇన్‌స్పెక్టరు, మా ఇంజనీరుగారు కూడలికి వచ్చారు. సాయిబన్న ఇస్త్రీ బట్టల్లో, బిగదీసుకుని ఒక పక్కన నిలబడ్డాడు. నేను ముందే అనుకుని పోయాను. ఇన్‌స్పెక్టరుగారిని ఆమె నిలబడిన చోటే నిలబెట్టాను.

"సార్, ఇప్పుడు మీరు నెత్తిన గంపతో సంతకు పోయే మనిషి. మైకులో విన్నారు. ఎరుపుకు ఆగాలి, పచ్చకు పోవాలి. ఇది అందరికీ."

ఆయన నవ్వి, పక్కనున్న స్తంభం వైపు చూస్తూ నిలబడ్డాడు. ఎరుపు పడింది, ఆగాడు. పచ్చ వచ్చింది. ఆయన దర్జాగా ఒక అడుగు వేశాడు. చింతపండు లారీ ఒక్కసారిగా హారను కొట్టింది. మా ఇంజనీరుగారు బెల్టు పట్టి వెనక్కి లాగకపోతే ఆ పూట ఏమయ్యేదో. టోపీ దొర్లుకుంటూ పోయి కాలవలో పడింది. చుట్టూ ఉన్న జనం నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నారు.

నేను చెప్పేశాను. తప్పు ఆమెది కాదు, నేను రాసిన మాటది. నడిచేవాళ్లకు దీపమూ లేదు, టైమూ లేదు. ఉన్న దీపాలు బండ్లవి, వాటినే అందరికీ అన్నాను. నాలుగు వైపులా ఒకేసారి ఎరుపు ఉండే కాసేపు అందులో కలపాలి. ఆ కాసేపు నడిచేవాళ్లది. వాళ్లకు అది తెలిసేలా అప్పుడు విజిల్ ఊదించాలి. బిళ్లలు నేనే కొత్తవి కోయిస్తాను.

ఇన్‌స్పెక్టరు ఎవరో తీసిచ్చిన టోపీ దులుపుకుంటూ నన్ను ఎగాదిగా చూశాడు. "తన తప్పు తనే ఒప్పుకునే ఉద్యోగస్తుణ్ణి ఇన్నాళ్లకు చూశానండీ" అన్నాడు ఇంజనీరుగారితో. ఆయన నా భుజం తట్టారు. జనంలో ఎవరో, "మొగోడప్పా!" అన్నారు. నా ఒళ్లు వెచ్చబడింది.

అప్పుడు ఇన్‌స్పెక్టరు సాయిబన్న వైపు తిరిగాడు.

"అది సరే. మాట తప్పు, దీపం తప్పు. నీ కళ్లు బాగానే ఉన్నాయి గదా? ఆమె దిగడం చూశావు గదా? విజిల్ ఎందుకు ఊదలేదు?"

సాయిబన్న మళ్లీ నా వైపు చూశాడు. ఇప్పుడు నేను తల దూర్చడానికి పెట్టె లేదు. ఊదొద్దన్నది నేనే సార్, అనాలి. అంతే. పెద్ద తప్పు ఒప్పుకున్నవాడికి ఈ చిన్న మాట ఎంతసేపు? కానీ మెచ్చుకున్న చెయ్యి ఇంకా నా భుజం మీదే ఉంది. ఒక రోజుకు ఇంత నిజం చాలునేమో అనిపించింది. అంతకు మించి నా దగ్గర సాకు ఏమీ లేదు. మాటది తప్పు అన్నప్పుడు అది చదువుకున్నవాడి పొరపాటు, గౌరవం పోదు. ఇది వేరు. తోటివాణ్ణి వారంపాటు ఉరి కింద నిలబెట్టి ఊరకున్నానని ఒప్పుకోవాలి.

సాయిబన్న నేను మాట్లాడతానేమోనని ఆగాడు. తర్వాత, "పొరపాటైంది సార్. ఓవర్సీరు సారుదేం లేదు" అన్నాడు.

సారు. ఆయన నన్ను సారు అనడం అదే మొదలు.

సస్పెన్షన్ చెయ్యలేదు. ముదిగుబ్బకు మార్చారు. సంసారాన్ని హిందూపురంలో వదిలిపెట్టి పోయాడు. పోయే రోజు కూడలి దగ్గర బస్సెక్కుతుంటే కనిపించాడు. "వస్తా సారూ" అన్నాడు. గూళ్లామె చెప్పమన్న మాట కూడా అప్పుడు నేను చెప్పలేదు.

లేత్ షాపులో కొత్త బిళ్లలు కోయించాను. నాలుగు వైపులా ఎరుపు పడి కూడలి ఒక్కసారిగా నిశ్శబ్దమైతే, కొత్త కానిస్టేబుల్ విజిల్ ఊదేవాడు, జనం దాటేవాళ్లు. లారీవాళ్లు మొదట గొణిగారు, తర్వాత బీడీ ముట్టించుకునే టైము అదే అని అలవాటు పడ్డారు. గూళ్లామె కాలు కొంచెం ఈడుస్తూనే మళ్లీ సంతకు వచ్చేది. దాటేటప్పుడు పక్కవాళ్లతో, "ఈ విజిల్ నా కాలు పోతే వచ్చింది" అనేది, పొలం రాసిచ్చిన దాతలాగా. అందరూ నా బిళ్లల్ని మెచ్చుకున్నారు. విజిల్‌ను మెచ్చుకున్నప్పుడు మాత్రం నేను అక్కడి నుంచి తప్పుకునేవాణ్ణి. ఊదొద్దన్నవాణ్ణీ నేనే, ఊదించమన్నవాణ్ణీ నేనే. ఊదాల్సినవాడు మాత్రం అక్కడ లేడు.

కొన్నేళ్లకు కదిరిలో పెళ్లికి పోతూ ముదిగుబ్బలో బస్సు ఆగితే దిగాను. దిగకపోయినా ఎవరూ అడగరు, బస్సు అక్కడ టీకి ఆగింది. దిగి రోడ్డు పక్కన నిలబడ్డాను. ఎదురుగా గొర్రెల మంద ఒకటి రోడ్డెక్కింది. వాటి మధ్య నుంచి విజిల్ మోగింది. ఒక పొడుగు, రెండు పొట్టి. తల నెరిసిన సాయిబన్న ఒక చేత్తో లారీని ఆపి, రెండో చేత్తో గొర్రెల్ని దాటిస్తున్నాడు.

"ముందర పోయే ఎర్రదానా, నువ్వన్నా చెప్పు మిగతావాటికి!" అంటున్నాడు.

దాటించి నన్ను చూశాడు. "రా సారూ" అన్నాడు. టీ తాగించాడు. పిల్లల సంగతులు, ఊరి సంగతులు అయ్యాయి. గూళ్లామె ఏమందో చెప్పాను, ఏళ్లు ఆలస్యంగా. తలూపాడు. నా బస్సు డ్రైవరు హారను కొడుతున్నాడు. అప్పుడన్నాను.

"భాయ్, ఆ రోజు విజిల్ ఊదొద్దన్నది నేనేనని చెప్పాల్సింది. చెప్పలేదు."

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు.

"నాకు ఒకటే అర్థం కాలేదు, ఇన్నేండ్లూ. నేను విజిల్ జేబులో పెట్టుకుంటి, నువ్వు చెప్తివని. నీ నోరు ఎవరు చెప్తే జేబులో పెట్టుకుంటివి?"

ఆయన నిజంగానే అడిగాడు. ధర్మవరంలో ఆమె అడిగినట్టే. నేను ఆలోచించాను. ఎవరూ చెప్పలేదు, అన్నాను.

"ఊ" అన్నాడు.

నా బస్సు రోడ్డుకు అవతల ఉంది. నేను అంచున నిలబడి అటూ ఇటూ చూస్తున్నాను. అనంతపురం వైపు నుంచి ఒక లారీ దూసుకొస్తోంది. ఆయన రోడ్డు మీదికి దిగాడు. లారీ తోలేవాడి మొహంలోకి చూసి అరచెయ్యి ఎత్తాడు, విజిల్ ఊదాడు. లారీ నిలబడింది. ఆయన నా వైపు తిరిగి, విజిల్ నోట్లోంచి తీశాడు.

"పో అప్పా. ఇది నీకే."